మెచ్చుకుంటే రాయి పగులుతుంది

మా వైపు ఎవరింటికైనా భోజనానికి వెళ్లి, "వంట అద్భుతంగా ఉందండీ" అని చూడండి. వడ్డిస్తున్న ఇల్లాలి చేతిలో గరిటె ఆగిపోతుంది. ఇంటాయన మీ ముఖంలోకి అనుమానంగా చూస్తాడు. ఇంతగా పొగుడుతున్నారంటే ఏదో తేడా కొట్టిందనీ, మర్యాద కోసం కప్పిపుచ్చుతున్నారనీ వాళ్లకు ఖాయమైపోతుంది. మీరు లేచి చెయ్యి కడుక్కునేలోగా వంటింట్లో విచారణ మొదలవుతుంది. పప్పు అడుగంటిందా? పులుసులో ఉప్పు రెండుసార్లు పడిందా? లేకపోతే ఈయప్పకు అప్పేమైనా కావాలా?

అదే, "పులుసులో ఇంకో రెండు మిరపకాయలు పడింటే..." అని నసిగారనుకోండి, ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొస్తుంది. మనిషి మనసు పెట్టి తిన్నాడు కాబట్టే వంక దొరికింది! అడగకుండానే ఇంకో గరిటె పడుతుంది.

నేను ధర్మవరంలో పుట్టాను. మా అక్కను పెనుకొండలో ఇచ్చారు, నన్ను హిందూపురంలో. మూడు ఊళ్లూ ఒకే రైలు దారి మీద ఉన్నాయి. పొద్దున ధర్మవరంలో టిఫిన్ తిని ప్యాసింజరు ఎక్కితే పెనుకొండలో దిగి భోంచేసి, రాత్రికి హిందూపురంలో మా అత్త చేతి ముద్ద తినొచ్చు. అనంతపురం జిల్లాలో ఉన్నప్పుడు కానీ, 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాక కానీ, ఈ మూడింట్లో ఒక ఊరి తిండిని ఇంకో ఊరు మెచ్చుకున్న దాఖలా లేదు. జిల్లా మారింది, నోరు మారలేదు.

నా పెళ్లిచూపుల నాడు మా అమ్మ ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేసింది. పెళ్లివారు తిన్నారు. మా కాబోయే అత్తగారు ప్లేటు కింద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుని, "బొరుగులు ఇంకొంచెం ముందే పిండింటే బాగుండు" అంది. నాకు కళ్ల నీళ్లొక్కటే తక్కువ. మా అమ్మ మాత్రం లోపలికొచ్చి మా నాన్నతో రహస్యంగా, "కుదిరినట్టే" అని చెప్పింది. పెళ్లికొడుకు పిల్లను చూసి ఏమన్నాడో ఆ రోజు ఎవరూ అడగలేదు.

ఉగ్గాని తెలియని వాళ్లకు రెండు మాటలు. బొరుగులు, అంటే మరమరాలు, నీళ్లలో వేసి తీసి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లేది ఉగ్గాని. అనంతపురం, కర్నూలు, బళ్లారి జనానికి పొద్దున్నే ఇది పడకపోతే తెల్లవారినట్టు ఉండదు. వినడానికి ఇంతే. చెయ్యడంలో కిటుకంతా ఆ పిండడంలో ఉంది. ధర్మవరంలో మా వీధి చివర ఒక చిన్న హోటల్ ఉండేది, నాలుగు బల్లలు, ఒక పెనం. వంటాయన పెద్ద గంగాళంలో నీళ్లు పెట్టుకుని, చేటెడు బొరుగులు అందులో కుమ్మరించి, అరచేతులతో ఒక్కసారి ముంచి, ఆ వెంటనే రెండు చేతుల మధ్య నొక్కి పక్కన బేసిన్లో విసిరేవాడు. ఆ పని చేస్తున్నప్పుడు ఆయనతో ఎవరూ మాట్లాడకూడదు. ఎవరైనా "అన్నా, రెండు ప్లేట్లు" అని అడ్డొచ్చి, ఆయన తలతిప్పి "ఆఁ" అన్నంతసేపు బొరుగులు నీళ్లలో ఉంటే చాలు, అది ఉగ్గాని కాదు, పసుపు రంగు జావ. తక్కువ నానితే గొంతులో గరగరలాడుతుంది. ఇక బజ్జీ. పొడుగాటి మిరపకాయను నిలువునా చీల్చి, లోపల వాము ఉప్పు రాసి, శనగపిండిలో ముంచి వేయిస్తారు. ఒక చేత్తో బజ్జీ కొరకాలి, ఇంకో చేత్తో ఉగ్గాని నోట్లో వేసుకోవాలి, ముక్కు తుడుచుకోవడానికి మూడో చెయ్యి ఉండి ఉంటే బాగుండేది.

ఆ హోటల్‌కు మా నాన్న రోజూ పోయేవాడు. తిరిగొచ్చి రోజూ దాన్ని తిట్టేవాడు. "నూనె మార్చల్యా. నిన్నటిదే." మరుసటి రోజు పొద్దున ఆరింటికి మళ్లీ అక్కడే. ఒకసారి ఆ వంటాయన ఊరెళ్లి హోటల్ మూతపడితే, మా నాన్న ఇంట్లో అందరి మీదా కస్సుమన్నాడు.

మా నాన్నది మగ్గం పని. ధర్మవరం పట్టుచీర పేరు తెలియని తెలుగు పెళ్లి ఉండదు కదా, ఆ చీర నేసేవాడికి ఉగ్గానే బద్ధశత్రువు. పసుపు, నూనె అంటిన వేలు మీగడ రంగు పట్టు మీద ఒక్కసారి తగిలితే నెల కష్టం పోయినట్టే. అందుకని మా నాన్న తిన్నాక చేతులు సీకాయతో కడిగి, ఆరబెట్టుకుని, తెల్ల గుడ్డకు తుడిచి, ఆ గుడ్డను వెలుతురులో పెట్టి చూసి, అప్పుడు మగ్గం గుంతలో కాళ్లు పెట్టేవాడు. గుడ్డ మీద పచ్చ మరక కనిపిస్తే మళ్లీ మొదటి నుంచి. ఆస్పత్రిలో ఆపరేషన్ చేసే డాక్టరు కూడా అంత కడుక్కోడనుకుంటాను. ఇంత అవస్థ ఎందుకు, ఇడ్లీ తినొచ్చు కదా అని మా అమ్మ అనేది. "ఇడ్లీ జ్వరమొచ్చినోళ్లు తింటారు" అనేవాడు.

ఇక హిందూపురం. అక్కడికి కాపురానికి వచ్చిన మొదటి రాత్రే నా ముందు కంచంలో ఒక ముద్ద దిగింది. సంగటి నాకు కొత్త కాదు. మా ఇంట్లో బియ్యం ఉడకబెట్టి, అందులో రాగిపిండి పోసి గెలికి సంగటి చేస్తారు. మెత్తగా, మధ్యమధ్య మెతుకు తగులుతూ ఉంటుంది. మా అత్త చేసిందాంట్లో మెతుకన్నదే లేదు. నల్లగా, నున్నగా, నిగనిగలాడుతూ కూర్చుంది. అటు పక్క గౌరిబిదనూరు, ఆ పైన బెంగళూరు. కర్ణాటక ముద్దలో మామూలుగా బియ్యం వెయ్యరు. మా కుటుంబం మటుకు నేను గమనించిందేమిటంటే, ధర్మవరంలో గుప్పెడు బియ్యం పడే చోట పెనుకొండలో మా అక్క నూకలు వేస్తుంది, హిందూపురంలో మా అత్త అవీ మానేసింది. రాష్ట్రం సరిహద్దు ఎక్కడుందో సర్వేయర్లు గొలుసులు పట్టుకుని కొలవనక్కర్లేదు, ఇంటింటికీ వెళ్లి ముద్ద విరిచి చూస్తే సరిపోతుంది.

మా అత్త ముద్ద చేసేటప్పుడు పక్కన నిలబడి చూడాలి. ఎసరు మరుగుతుంటే ముందు చెంచాడు పిండి నీళ్లలో కలిపి పోస్తుంది. అది కుతకుతలాడగానే మిగతా పిండిని కుప్పగా మధ్యలో దించుతుంది. కలపదు. నడిమధ్యన కట్టె గుచ్చి, ఆ బొక్కలోంచి ఆవిరి బుసలు కొట్టేదాకా మంట తగ్గించి వదిలేస్తుంది. తర్వాత గిన్నెను కిందికి దించి, రెండు పాదాలతో అదిమి పట్టి, రెండు చేతులతో కట్టె పట్టుకుని గెలుకుతుంది. అప్పుడు ఆమె వయసు అరవై దాటినట్టు ఎవరూ చెప్పలేరు. ఒక్క ఉండ కట్టినా ఊరుకోదు, కట్టె అంచుతో గిన్నె గోడకేసి నలిపేస్తుంది. తడి చెయ్యి చేసుకుని, పొగలు కక్కే పిండిని పళ్లెంలో దొర్లించి ముద్ద చేస్తుంది. మనం ముట్టుకుంటే బొబ్బలెక్కే వేడి అది.

ఆ రాత్రి నేను ముద్ద తుంచి, సారులో అద్ది, నోట్లో పెట్టుకుని నమిలాను. వరసగా కూర్చున్న మా ఆయన, మరిది, ఆడబిడ్డ, అందరూ తినడం ఆపారు.

"నమలకూడదు పాపా, మింగల్ల" అంది మా అత్త, పసిబిడ్డకు చెప్పినట్టు.

"నమలకపోతే రుచెట్ల తెలుస్తుంది అత్తా?"

"రుచి సారులో ఉంటాది. ముద్ద కడుపుకు."

సారు విషయంలో మాత్రం హిందూపురానికి దండం పెట్టాల్సిందే. (ఈ వాక్యం మా అమ్మ చదవదని ధైర్యం.) సంక్రాంతి చలిలో అనపకాయలు వస్తాయి. కాయలు వలిచి, గింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే ఇంట్లో ఆడా మగా అంతా గిన్నె చుట్టూ కూర్చుని ఒక్కో గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని పితుకుతారు. తోలు చేతిలో మిగులుతుంది, పచ్చటి పప్పు టపీమని ఎగిరి గిన్నెలో పడుతుంది, లేదా మామగారి కళ్లజోడు మీద పడుతుంది. అదే పితికిపప్పు. దాన్ని కొబ్బరి మసాలాతో ఉడికించి ముద్ద పక్కన పెడితే ఆ పూట ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. తిన్నాక మా మామ త్రేన్చి, "పోయినేడు కాయ ఇంతకంటే లేతగా ఉండె" అంటాడు. ఏ ఏడైనా అదే మాట. దాని ప్రకారం లెక్కేస్తే ఆయన చిన్నప్పుడు అనపకాయ పాలు కారుతూ ఉండి ఉండాలి.

హిందూపురం అంటే చింతపండు మార్కెట్ కూడా. సీజన్లో యార్డు వైపు వెళితే గాలి పీలిస్తేనే నోరూరుతుంది. అక్కడ కరిపులి, ఫ్లవర్ అని రెండు రకాలు వేలానికి వస్తాయి, రెంటికీ ధరలో చాలా తేడా. పత్రికల్లో బంగారం ధర చూసేవాళ్లుంటారు, మా మామ కరిపులి క్వింటాలు ఎంత పలికిందో చూస్తాడు. ఆయన దగ్గర క్వింటాలు కాదు కదా, కిలో చింతపండు కూడా అమ్మకానికి లేదు. ఇంటికి మాత్రం ఏడాదికి సరిపడా ఒకేసారి కొంటారు. ఆ రోజు మా అత్త స్వయంగా బయలుదేరుతుంది. కొట్లో కూర్చుని, రెబ్బ తుంచి నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుంటుంది. వ్యాపారి ఊపిరి బిగబడతాడు. "నీళ్లు చల్లినావు" అంటుంది. "లేదమ్మా, దేవుని సాక్షి!" "చల్లకపోయినా చల్లినట్టుండాది." ఈ తర్కానికి జవాబు చెప్పగలిగిన వ్యాపారి ఇంతవరకు నాకు కనిపించలేదు. ధర తగ్గుతుంది. మరుసటి ఏడూ ఆ కొట్టుకే వెళతాం.

మా మూడిళ్లకూ కలిపి సుప్రీంకోర్టు మా జేజి. నాన్నకు అమ్మ. ఎనభై దాటింది, పళ్లు లేవు, తీర్పులకు పళ్లతో పనిలేదు. సంగటిలో బియ్యం వెయ్యాలా వద్దా అని మా అమ్మకూ అత్తకూ మధ్య వివాదం ఆమె దగ్గరికి పోయింది. ఆమె ఇద్దరినీ కొట్టేసింది. "బియ్యం యాడివి మే? పండగొస్తే వరిబువ్వ. మిగతా దినాల్లో కొర్ర, జొన్న, సంగటి. మీరిద్దరూ కొత్త బిచ్చగాళ్లు."

జేజి మాట నిజమే. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే నేల మాది, పడాలనుకుంటేనే. ఇక్కడ శెనక్కాయ పండుతుంది, రాగి పండుతుంది, వరి చెరువు కింద పొలమున్న అదృష్టవంతుడికి. 1983లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చాక మా కంచాలు తెల్లబడ్డాయి. 1985లో ఆయన హిందూపురంలోనే నిలబడి గెలిచాడు, తర్వాత 1989లోనూ 1994లోనూ మళ్లీ గెలిచాడు. ఆ బియ్యం వచ్చిన కొత్తలో సంగటి తినే ఇల్లంటే చుట్టాలు చిన్నచూపు చూసేవారట. ఇప్పుడు షుగరు డాక్టరు చీటీ మీద రాగి అని రాసిస్తున్నాడు, పట్నంలో అద్దాల షాపులో అదే పిండి అందమైన పొట్లంలో కూర్చుని మూడింతల ధర పలుకుతోంది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించిందని జేజికి పేపరు చదివి వినిపించాను. "ఒక సంవత్సరమేనా? మా కాలంలో అన్ని సంవత్సరాలూ అదే" అంది.

పెనుకొండలో మా అక్క ఇంటికి రావాలి ఇప్పుడు. ఆ ఊరు ఒకప్పుడు విజయనగర రాజుల విడిది, 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత ఏకంగా రాజధాని. కొండ మీద కోట, కింద గగన్ మహల్, బాబయ్య దర్గా. అంత చరిత్ర ఉన్న ఊళ్లో రాజులు ఏం తిన్నారో తెలుసుకోవాలని నాకు కోరిక. పదహారో శతాబ్దంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాసిపెట్టాడు: ఈ రాజులు గొడ్డు మాంసం ముట్టరు కానీ కౌజులు, పావురాలు మొదలుకొని పిచ్చుకలు, ఎలుకలు, పిల్లులు, బల్లుల దాకా తింటారని, అవన్నీ బజారులో అమ్ముతారని. ఆ భాగం నేను మా జేజికి వినిపించలేదు. మరి శ్రీకృష్ణదేవరాయలు సొంతంగా ఆముక్తమాల్యదలో, విష్ణుచిత్తుడి ఇంట అతిథులకు వానాకాలం ఒక భోజనం, ఎండాకాలం ఒకటి, చలికాలం ఇంకొకటి అని మూడు పద్యాల్లో నోరూరేటట్టు వడ్డించాడు. వరుగులు, వడియాలు, చారులు, నెయ్యి, పాలు, పెరుగు, అన్నీ ఉన్నాయి. సంగటి లేదు! 1928లో నంద్యాల సభలో దత్తమండలాలకు ఈ రాయల పేరు మీదనే రాయలసీమ అని పేరు పెట్టుకున్నాం. ఒక్క పద్యంలో ఒక్క ముద్ద పెట్టి ఉంటే ఆయన సొమ్మేం పోయేది?

ఇప్పుడు పెనుకొండకు మళ్లీ విదేశీయులు వచ్చారు. ఈసారి గుర్రాలు అమ్మడానికి కాదు, కార్లు చెయ్యడానికి. ఎర్రమంచి దగ్గర కియా కర్మాగారానికి 2017లో ఒప్పందం కుదిరింది, 2019లో కార్లు రోడ్డెక్కాయి. ఏడాదికి మూడు లక్షల కార్లు చెయ్యగల ఫ్యాక్టరీగా మొదలైంది. కార్ల వెనకాలే కొరియా వాళ్లు, వాళ్ల వెనకాలే వాళ్ల హోటళ్లు. హైవే పక్కన గుండ్రాలూ గీతలూ కలిసిన అక్షరాలతో బోర్డులు లేచాయి. శెనక్కాయ చేను పక్కన ఆ బోర్డు చూసి మొదట్లో జనం, ఏదో కొత్త పురుగుమందు అనుకున్నారు.

మా బావ ఆ కార్లకు విడిభాగాలు చేసే కంపెనీలో సూపర్‌వైజర్. ఆయన పైన ఒక కొరియా సార్. ఒక ఆదివారం ఆ సార్ మన ఊరి భోజనం తింటానన్నాడని బావ కబురు పెట్టాడు. అక్కకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అమ్మ ధర్మవరం నుంచి, నేను హిందూపురం నుంచి దిగాం. జేజి ఎవరూ పిలవకుండానే వచ్చింది. సంగటి, నాటుకోడి పులుసు, శెనక్కాయల ఊరిబిండి, ఓళిగలు చేశాం. సంగటిలో బియ్యం ఎంత అన్న విషయం మీద వంటింట్లో పదినిమిషాలు యుద్ధవాతావరణం నెలకొని, నూకల దగ్గర సంధి కుదిరింది.

సార్ వచ్చాడు. కుర్చీ వేస్తే వద్దని నేల మీద చక్కగా మఠం వేసుకుని కూర్చున్నాడు. అక్కడే జేజికి సగం మార్కులు పడ్డాయి. ముద్ద తుంచడం బావ చూపించాడు. ఆయన తుంచాడు, పులుసులో ముంచాడు, మింగాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తల వంచి, "వెరీ గుడ్" అన్నాడు. ఇంకో ముద్ద. తల వంచి, "వెరీ గుడ్." ఇలాగే సాగుతోంది.

జేజి నన్ను గిల్లింది. "ఏందే, ముద్ద ముద్దకూ మొక్కుతాండాడు?"

"బాగుందంటున్నాడు జేజీ."

"ఇన్నిసార్లా?" జేజి ముఖం చిన్నబోయింది. "కోడి ముదిరిందా? యామన్నా వాసనొస్తాండాదా? అడుగు మే, నోరు తెరిచి చెప్పమను, మనమేమనుకోం."

అడగలేకపోయాం. సార్ వెళుతూ వెళుతూ ఒక గాజు సీసా ఇచ్చి వెళ్లాడు. కిమ్చి. క్యాబేజీ ఆకులకు ఉప్పు, ఎర్రకారం, వెల్లుల్లి పట్టించి పులియబెట్టిన వాళ్ల ఊరగాయ. జేజి మూత తీసి వాసన చూసి, వేలితో ఒక ఆకు ఎత్తి వెలుతురులో పరీక్షించింది. "ఊరేసింది సరే, నూనె యాడ? ఎండబెట్టినారా, ల్యాదా? ఇది పులిసిపోయింది. పారేయడానికి మనసొప్పక మనకిచ్చినట్టుండాడు పాపం." సీసా మూత బిగించి పక్కన పెట్టించింది.

మరుసటి పొద్దున అక్క లేచేసరికి జేజి వసారాలో కూర్చుని మజ్జిగ పోసుకున్న చద్ది సంగటిలో ఎర్రటి ఆకులు నంజుకుంటోంది. సీసా సగానికి దిగింది. పళ్లు లేకుండా క్యాబేజీ ఎలా తిందన్నది ఇప్పటికీ మాకు అంతుచిక్కలేదు. వారం తర్వాత ధర్మవరం నుంచి ఫోన్ చేయించింది. "ఆ కొరియాయప్ప పులిసిన ఆకు ఇంకా ఉందా? ఏం బాగల్యా. ఉంటే పంపండి."

బావ ఒకసారి మమ్మల్ని హైవే మీది కొరియా హోటల్‌కు కూడా తీసుకుపోయాడు. బల్ల మధ్యలో పొయ్యి, చుట్టూ చిన్నచిన్న గిన్నెల్లో రకరకాల పచ్చళ్లు, మొలకలు, ఆకులు. అయిపోతే అడక్కుండానే మళ్లీ నింపుతున్నారు, దానికి డబ్బులు లేవు. ఈ ఒక్క సంగతితో మా అత్త చూపు మారిపోయింది. ఇనుప పుల్లలు రెండు చేతికిస్తే ఒకదాన్ని తల్లో పెట్టుకుని చూసి, రెండోదాన్ని బల్ల మీద పెట్టేసి, చేత్తోనే కానిచ్చింది. బయటికొచ్చి, "అన్నం మెత్తగా అయిపోయింది, గంజి వార్చల్యా" అంది. ఇంకోసారి పోదామా అని రాత్రి మా ఆయన చెవిలో అడిగిందట.

ఇంతకూ మేమెందుకిలా ఉన్నామన్నదానికి లేపాక్షిలో నాకొక ఆధారం దొరికింది. నాతో బీఈడీ చదివిన రాజమండ్రి నేస్తం ఒకామె పోయిన చలికాలం మా ఇంటికి వచ్చింది. ఆమె గోదావరి మనిషి, మంచినీళ్లిచ్చినా "అబ్బ, ఎంత చల్లగా ఉన్నాయండీ అత్తయ్యగారూ" అంటుంది. కాఫీని మెచ్చుకుంది. ముద్దను మెచ్చుకుంది. పితికిపప్పు తిని కళ్లు తుడుచుకుంది. రెండో రోజుకు మా అత్త నిద్రపోవడం మానేసింది. "ఆ పాపకు ఏదీ పడల్యా. ఒక్కటంటే ఒక్క వంకా పెట్టదే!" అని నా దగ్గర వాపోయింది. మూడో రోజు లేపాక్షి పోదామన్నాను, హిందూపురానికి పదిహేను కిలోమీటర్లు. మా అత్త పొద్దున్నే లేచి చిత్రాన్నం కలిపి, అలసంద వడలు కాల్చి, క్యారియరు కట్టింది. ఇవైనా ఆ పిల్లకు నచ్చకపోవాలని ఆమె ఆశ.

అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించిన వీరభద్రాలయం అది. ఒకే రాతిలో చెక్కిన 27 అడుగుల పొడవు నందిని చూశాం, వేలాడే స్తంభం కింద నుంచి అందరిలాగే తువ్వాలు లాగాం. గుడి వెనక ఏడు పడగల నాగలింగం దగ్గర గైడు ఆగాడు. ఆయన చెప్పిన కథ ఇది. శిల్పులు ఆకలేసి భోజనానికి వచ్చారు. తల్లి ఇంకా వంట చేస్తోంది. ఊరికే కూర్చోవడమెందుకని ఎదురుగా ఉన్న బండను చెక్కడం మొదలుపెట్టారు. వంటయ్యేసరికి నాగలింగం పూర్తయింది. తల్లి బయటికొచ్చి చూసి ముచ్చటపడి, "ఎంత బాగా చెక్కార్రా!" అనుకుంది. ఆ దిష్టికి రాయి పగిలింది. ఇదిగో, పగులు.

పగులు నిజంగానే ఉంది. మా నేస్తం నోరు తెరిచి ఏదో పొగడబోయింది. మా అత్త ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "చూసినావా పాపా? కన్నతల్లి మెచ్చుకుంటేనే బండరాయి ఆగల్యా. మట్టికుండలో వండిన సారు ఆగుతాదా?"

అక్కడి నుంచి ముందుకు పోతే నేల బండ మీద తొలిచిన పళ్లాలు కనిపిస్తాయి. గుండ్రంగా పెద్ద పళ్లెం, అందులో కూరలకు, పచ్చళ్లకు వేసినట్టు చిన్న చిన్న గుంతలు. శిల్పులు వీటిలోనే భోంచేసేవారని కొందరంటారు, కాదు, పైకప్పు బొమ్మలకు రంగులు కలుపుకున్నారని ఇంకొందరు. మా అత్తకు రెండో వాదంతో పని లేదు. వంగి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, పళ్లెం చుట్టూ తిరిగి చూసింది. గుంతలో వేలు పెట్టి లోతు కొలిచింది. "పల్యానికి ఇన్ని గుంతలెందుకు? సారు పోస్తే ఈ పక్క నుంచి కారిపోతాది. ముద్దకు చోటు చాల్యా" అని నాలుగైదు వందల ఏళ్ల నాటి పనితనాన్ని తేల్చేసి, పక్కనే చతికిలబడి క్యారియరు విప్పబోయింది.

కాపలాదారు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఇక్కడ తినకూడదు."

"వాళ్లు తిన్లేదా నాయనా?"

"ఎవరు?"

"ఈ పళ్లేలు చేసినోళ్లు. వాళ్లకు చెప్పినావా?"

ఆయన నా వైపు చూశాడు, నేను నంది ఉన్న వైపు చూశాను. చివరికి ఆయనే క్యారియరు పట్టుకుని మమ్మల్ని గుడి బయట వేపచెట్టు కిందికి నడిపించాడు. అత్త ఆయన్నీ కూర్చోబెట్టింది. కాగితం ప్లేటులో చిత్రాన్నం, రెండు వడలు పెట్టింది. మా నేస్తం అప్పటికే పాఠం నేర్చుకున్నట్టుంది, నోరు విప్పకుండా తింటోంది. కాపలాదారు మూడు ముద్దలు తిని, ఆగి, ఆలోచించాడు.

"నిమ్మకాయ పులుపు పట్టల్యామ్మా."

నాకు కనిపించేలా మా అత్త నవ్వడం చాలా రోజుల తర్వాత అప్పుడే. "నేనూ అదే అనుకున్యా నాయనా. కాయలు మనూరివి కాదు. ధర్మవరం నుంచి మా వియ్యపురాలు పంపిచ్చింది."